మిన్నెసోటా ఉత్తర సరస్సులు: సరస్సుకో నిబంధన ఎందుకు, కొత్తవారు ఎక్కడికి వెళ్లాలి?

మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్లీ చెబుతాను. మీరు మినియాపోలిస్‌కు కొత్తగా వచ్చారు. వేసవిలో కుటుంబంతో ఉత్తరాదికి వెళ్లి చేపలు పట్టాలనుకుంటున్నారు. మిల్ లాక్స్‌లో ఒక నిబంధన, రెడ్ లేక్‌లో మరొకటి, ఆ పక్క సరస్సులో ఇంకొకటి కనిపిస్తున్నాయి. కొన్ని నీళ్లు ఓజిబ్వే అనే ఇక్కడి ఆదివాసీ జాతి వారివని, అక్కడికి పోకూడదని ఎవరో చెప్పారు. ఒకే రాష్ట్రంలో ఇన్ని తేడాలెందుకు, మొదటిసారి ఎక్కడికి వెళ్లాలి, పట్టిన చేప తినవచ్చా అన్నవి మీ సందేహాలు.

ముందు సూటిగా సమాధానం. 16 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ రాష్ట్ర లైసెన్సు తీసుకోండి. మొదటిసారి మిల్ లాక్స్‌లో లాంచి ఎక్కండి, లేదా బ్రెయినర్డ్, బెమిజీ చుట్టుపక్కల ఉన్న ఏదైనా మధ్యరకం సరస్సుకు వెళ్లండి. దిగువ రెడ్ లేక్ జోలికి, ఎగువ రెడ్ లేక్ పడమటి భాగం జోలికి పోకండి. అవి రెడ్ లేక్ బ్యాండ్ వారి సొంత జలాలు (బ్యాండ్ అంటే ఓజిబ్వే వారిలో సొంత పాలన ఉన్న ఒక సమూహం). పట్టిన చేపల్లో చిన్నవి తినండి, పెద్దవి వదిలేయండి. లైసెన్సు సంవత్సరం మార్చి 1న మొదలై ఫిబ్రవరి ఆఖరుతో ముగుస్తుంది కాబట్టి జనవరిలో కొన్నది వేసవికి పనికిరాదు. సంఖ్య, కొలతల పరిమితులు ఏటా మారే అవకాశం ఉంది. అందువల్ల ఆ సంవత్సరపు నిబంధనల పుస్తకంలో మీరు వెళ్లే సరస్సు పేరు ప్రత్యేక జాబితాలో ఉందో లేదో చూడకుండా బయలుదేరకండి.

ఇక ఈ తేడాలు ఎందుకన్నది. నేను ఈ ప్రాంతంలో చేపల సర్వేలు చేసే ఉద్యోగంలో చాలాకాలంగా ఉన్నాను. సెప్టెంబరులో వలలు వేయడం, పడిన చేపలను కొలవడం, వాటి వయసు లెక్కకట్టడం మా పని. రేవు దగ్గర కనిపించే కొత్తవారు దాదాపు అందరూ మీరు అడిగినదే అడుగుతారు. చాలామంది దీన్ని ప్రభుత్వ గందరగోళం అనుకుంటారు. నా దృష్టిలో ఇది గందరగోళం కాదు. ఒక్కో సరస్సులో చేపపై హక్కు ఒక్కో దారిలో వచ్చింది, ఆ సరస్సులో చేప ఒక్కో రకంగా దెబ్బతిన్నది. నిబంధన ఆ రెండింటి ఫలితం.

రాష్ట్రంలో పది ఎకరాలు, అంతకు మించిన సరస్సులు 11,842 ఉన్నట్లు అధికారిక లెక్క. వీటిలో అత్యధిక భాగం మీకు ఏ ఇబ్బందీ లేనివే. చట్టబద్ధంగా నీటిలోకి దిగే దారి ఉంటే, అంటే ప్రభుత్వ రేవు నుంచి పడవ దించితే, ఒడ్డున ఇళ్లు ఎవరివైనా సరస్సు నీటి ఉపరితలమంతా మీరు తిరగవచ్చు. ఒడ్డు మాత్రం వారిది. అక్కడ పడవ కట్టడం, దిగి భోజనం చేయడం కుదరదు. మనవాళ్లు తరచు తడబడేది ఇక్కడే.

తేడా వచ్చేది పెద్ద సరస్సుల్లో. మిల్ లాక్స్‌నే తీసుకుందాం. మినియాపోలిస్ నుంచి సుమారు రెండు గంటల ప్రయాణం. విస్తీర్ణం సుమారు 1,32,000 ఎకరాలు. అయినా ఎక్కడా 42 అడుగులకు మించి లోతు లేదు. 1837లో ఓజిబ్వే వారు ఈ సరస్సు చుట్టూ ఉన్న భూమిని అమెరికా ప్రభుత్వానికి ఒప్పందం ద్వారా ఇచ్చారు. ఇస్తూ, ఆ భూమిపై వేటాడే హక్కు, చేపలు పట్టే హక్కు, నీటిలో సహజంగా పెరిగే వైల్డ్ రైస్ ఏరుకునే హక్కు తమకే ఉంటాయని అందులో రాయించుకున్నారు. 1850లో అధ్యక్షుడు జకరీ టేలర్ ఆ హక్కులను రద్దు చేస్తూ, వారిని అక్కడి నుంచి వెళ్లిపొమ్మని ఉత్తర్వు ఇచ్చారు. ఆ తరువాత రాష్ట్రం ఏర్పడి, తన వేట చట్టాలను అందరికీ ఒకేలా అమలు చేసింది. ఒప్పందం ప్రకారం వల వేసిన ఓజిబ్వే వారిని కూడా నేరస్థులుగానే చూసింది. 1990లో మిల్ లాక్స్ బ్యాండ్ కోర్టుకు వెళ్లింది. 1999 మార్చి 24న సుప్రీంకోర్టు 5–4 తేడాతో తీర్పు ఇచ్చింది: 1850 ఉత్తర్వు చెల్లదు, 1837 నాటి హక్కులు ఇంకా నిలిచే ఉన్నాయి. న్యాయమూర్తి శాండ్రా డే ఓకానర్ రాసిన ఆ తీర్పు ఈ సరస్సు ఒడ్డున ఇప్పటికీ రోజువారీ విషయమే.

దాని ఆచరణ ఇలా ఉంటుంది. ఆ ఒప్పందంలో భాగమైన ఎనిమిది బ్యాండ్‌ల జీవశాస్త్రవేత్తలు, రాష్ట్ర జీవశాస్త్రవేత్తలు ఏటా కూర్చుని, ఆ సంవత్సరం ఇక్కడివారు ఎక్కువగా కోరుకునే వాలై అనే చేపను ఎన్ని పౌండ్లు తీస్తే సరస్సు తట్టుకోగలదో తేలుస్తారు. ఆ మొత్తాన్ని బ్యాండ్‌లు, రాష్ట్రం పంచుకుంటాయి. బ్యాండ్‌ల వారు ప్రధానంగా వసంతంలో, మంచు కరిగిన వెంటనే, చేప గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు వచ్చే రోజుల్లో వలలతోను, ఈటెలతోను పడతారు. గాలం వేసేవారందరూ రాష్ట్రం వాటాలోకి వస్తారు. మీరూ అందులోనే.

2015లో ఆ మొత్తం పరిమితి కేవలం 40,000 పౌండ్లు. అందులో రాష్ట్రం వాటా 28,600. రెండేళ్ల ముందు, 2013లో, మొత్తం 2,50,000 పౌండ్లు ఉండేది. 2015 వేసవి పూర్తికాకముందే రాష్ట్రం తన వాటా దాటేయడంతో ఆగస్టు మొదట్లోనే వాలై వేట మూసేశారు. మరుసటి ఏడాది, 2016లో, పట్టినా ఇంటికి తీసుకుపోకూడదన్నారు. గ్యారిసన్, ఐల్, వాకన్ వంటి ఒడ్డు ఊళ్లలో ఆ వేసవి ఎలా గడిచిందో అక్కడివారిని అడగండి. ఎర దుకాణం, లాంచి, కేబిన్లు, పెట్రోలు బంకు పక్కన ఉన్న కేఫ్, ఇవన్నీ ఒకే చేపపై ఆధారపడిన బతుకులు.

ఆ కోపంలో చాలామంది నేరాన్ని ఓజిబ్వే వలలపైకి నెట్టారు. నేను ఆ మాటను ఒప్పుకోను. వలల్లో పడినదంతా తూకం వేసి లెక్క కడతారు. పరిమితి దాటితే వెంటనే ఆపుతారు. సరస్సులో చేప తగ్గడానికి కారణాలు నీటిలోనే ఎక్కువ ఉన్నాయి. ఏటా గుడ్ల నుంచి పిల్లలు బాగానే వస్తున్నాయి, కాని వాటిలో చాలా భాగం రెండో శరదృతువుకు కనిపించకుండా పోతున్నాయి. నీరు గతంలో కంటే బాగా తేటపడింది. 2005లో జీబ్రా మసెల్ అనే చిన్న ఆల్చిప్ప, 2009లో స్పైనీ వాటర్ ఫ్లీ అనే ముల్లు పురుగు ఈ సరస్సులో కనబడ్డాయి. మొదటిది నీటిని వడగట్టి పాచిని తినేస్తుంది, రెండోది చేప పిల్లల ఆహారాన్ని తినేస్తుంది. వాలై కంట్లో వెలుతురును తిప్పికొట్టే పొర ఒకటి ఉంటుంది. అందువల్ల అది మసక వెలుతురులో వేటాడుతుంది, తేట నీటిలో పగలు లోతుకు పోతుంది. తేట నీరు నచ్చే స్మాల్‌మౌత్ బాస్ అనే చేప మాత్రం బాగా పెరిగింది. ఇప్పుడు మిల్ లాక్స్‌కు బాస్ కోసమే దూరం నుంచి వచ్చేవారున్నారు. గడ్డుకాలంలో పలు రిసార్టులు నిలదొక్కుకోవడానికి ఆ చేప తోడ్పడింది.

ఇంకో విషయం కొత్తవారికి అర్థం కాదు: వదిలేసిన చేప కూడా లెక్కలోకి వస్తుంది. ఎండాకాలం నీరు వేడెక్కినప్పుడు, లోతు నుంచి లాగి, గాలం తీసి వదిలిన వాలైలలో కొంత భాగం తరువాత చచ్చిపోతాయి. ఆ అంచనాను రాష్ట్రం వాటా నుంచి తగ్గిస్తారు. అందుకే జూలైలో ‘పట్టడం, వదలడం’ సరదా అనుకుని రోజంతా చేయడం మంచిది కాదు. గాలం మింగేసిన చేపను లాగి పీకడం కంటే, దారం కోసి వదిలేయడం మేలు.

రెడ్ లేక్ కథ దీనికి భిన్నం. ఇక్కడ ఓజిబ్వే వారు భూమి ఇచ్చి హక్కు ఉంచుకోలేదు, సరస్సునే ఇవ్వలేదు. చుట్టుపక్కల చాలా భూమి పోయినా, 1889లో రిజర్వేషన్ భూమిని, అంటే తమకు మిగిలిన సొంత నేలను, కుటుంబాలవారీగా పంచాలన్న ప్రభుత్వ ఒత్తిడిని రెడ్ లేక్ బ్యాండ్ తిరస్కరించింది. ఈ రోజుకీ అక్కడి భూమి ఉమ్మడి ఆస్తే. దిగువ రెడ్ లేక్ అంతా, ఎగువ రెడ్ లేక్‌లో సగానికి పైగా వారిదే. ఎగువ సరస్సు తూర్పు భాగం మాత్రమే రాష్ట్ర పరిధి. వాస్కిష్ రేవు నుంచి మీరు దిగేది అందులోకే. హద్దు దాటితే మీ రాష్ట్ర లైసెన్సుకు విలువ ఉండదు, పడవ కూడా స్వాధీనం చేసుకోవచ్చు. జీపీఎస్‌లో హద్దు గీత పెట్టుకుని కదలండి. గాలికి పడవ పడమటికి కొట్టుకుపోవడం అక్కడ మామూలే.

ఈ సరస్సులో వలల వ్యాపారం 1917లో మొదటి ప్రపంచ యుద్ధపు ఆహార అవసరాల కోసం మొదలైంది. 1929లో జాలర్ల సహకార సంఘం ఏర్పడింది. రెండు మూడు తరాలు ఆ వాలైతోనే బతికాయి. 1990ల నడుమకు చేప కుప్పకూలింది. బ్యాండ్ వలలు, రాష్ట్రం వైపు గాలాలు, దొంగచాటు అమ్మకాలు, అన్నీ కలిసి తీసినది సరస్సు ఇవ్వగలిగిన దానికంటే ఎక్కువ. అప్పుడు జరిగిన పని ఆలోచించదగ్గది. 1997లో జాలర్ల సంఘం వారే ఓటు వేసి తమ వలలను తామే ఆపుకున్నారు. వలపై బతికే కుటుంబాలు, ఆదాయానికి మరో దారి లేని ఊళ్లు. తరువాత బ్యాండ్ తన జలాల్లో వాలై వేటను పూర్తిగా నిలిపింది, 1999లో రాష్ట్రమూ తన భాగం మూసింది. ఆ ఏడాదే బ్యాండ్, రాష్ట్రం, కేంద్రపు ఆదివాసీ వ్యవహారాల సంస్థ కలిసి ఒప్పందం చేసుకున్నాయి. 1999, 2001, 2003లలో కోట్ల సంఖ్యలో పిల్లలను వదిలారు. మన ఆక్వా రైతులు సీడు అనే దశ కంటే ఇంకా చిన్నవి, గుడ్డు నుంచి వచ్చి రోజులే అయినవి.

అంత చిన్న పిల్లలకు గుర్తు ఎలా పెడతారని మీకు సందేహం రావచ్చు. ఆక్సీటెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ కలిపిన నీటిలో వాటిని కొన్ని గంటలు ఉంచుతారు. ఆ మందు చేప తలలోపల ఓటోలిత్ అనే చిన్న రాయిలో చేరి అక్కడే ఉండిపోతుంది. తరువాత చేప దొరికినప్పుడు ఆ రాయిని బయటకు తీసి, పలచగా అరగదీసి, అతినీలలోహిత కాంతి కింద సూక్ష్మదర్శినిలో చూస్తాం. నడిమధ్యన పసుపుపచ్చని సన్నటి వలయం మెరిస్తే అది వదిలిన చేప, మెరవకపోతే సరస్సులోనే పుట్టినది. అదే రాయిపై ఏడాదికొకటి చొప్పున పడే గీతలు లెక్కపెడితే వయసు తెలుస్తుంది. మెరిసే చేపలు మొదట్లో ఎక్కువగా, పోను పోను తక్కువగా కనబడటం వల్లనే సరస్సు తిరిగి తనంతట తాను పిల్లలను ఇస్తోందని తేలింది. 2006లో రెండు వైపులా వేట తిరిగి తెరిచారు.

నడుమ ఉన్న ఆ ఏళ్లలో ఒక విశేషం జరిగింది. వాలై తగ్గిన ఖాళీలో క్రాపీ అనే చిన్న చేప విపరీతంగా పెరిగింది. 2000 దశకం మొదట్లో చలికాలాల్లో క్రాపీ కోసం వాస్కిష్ వైపు వచ్చినవారి గుంపులు ఇంతా అంతా కాదు. వాలై వేట మూసేసిన ఊరు ఆ నాలుగు రోజులు అలా గడుపుకుంది. తరువాత వాలై పెరిగేసరికి క్రాపీ తగ్గిపోయింది.

నాది కొల్లేరు అంచున కైకలూరు వైపు. ఈ రెండు సరస్సుల సంగతి మాట్లాడేటప్పుడు మా ప్రాంతం గుర్తుకు రాకుండా ఉండదు. కాకతాళీయంగా అదే 1999 అక్టోబరులో 120 నంబరు జీవోతో కొల్లేరును ఐదో కాంటూరు వరకు, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత వరకు, అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో, రెడ్ లేక్ తెరిచిన ఏడాదే, అక్కడ చేపల చెరువుల గట్లు కొట్టేశారు. కొల్లేరులో చేప కంటే నేల గొడవ పెద్దది, పరిస్థితులు వేరు. పోలిక ఎక్కువ దూరం లాగను. అయితే తరతరాలుగా వలపై బతికిన వడ్డి కులపు జాలరి కుటుంబాలకు నిర్ణయంలో దక్కిన చోటు ఎంత, రెడ్ లేక్ జాలర్లకు దక్కిన చోటు ఎంత అన్న ప్రశ్న నన్ను వదలదు.

మళ్లీ మీ ప్రయాణం విషయానికి వద్దాం.

లాంచి అని నేను మొదట చెప్పింది పెద్ద పడవ గురించి. మిల్ లాక్స్‌లో రిసార్టులు నడుపుతాయి. టికెట్టు కొంటే కొన్ని గంటలు తిప్పుతారు, గాలం, ఎర వారే ఇస్తారు, గాలానికి ఎర గుచ్చడం కూడా నేర్పుతారు. జూన్‌లో ఎర ఎక్కువగా జలగ. మనకు జలగ అంటే వెగటు, ఇక్కడ డజన్ల లెక్కన డబ్బాల్లో అమ్ముతారు. పిల్లలు భయపడతారనుకుంటే వానపాములు అడగండి. సాయంత్రపు లాంచి ఎంచుకోండి. ఎండ మిటమిటలాడే నిశ్చలమైన మధ్యాహ్నం వాలైకు అనుకూలం కాదు. గాలికి నీటిపై చిన్న చిన్న అలలు లేస్తే వెలుతురు లోపలికి తక్కువ దిగుతుంది. ఆ అలలను ఇక్కడివారు ‘వాలై చాప్’ అంటారు, అది చూస్తే వారి ముఖాలు వెలుగుతాయి.

సొంతంగా వెళ్లాలనుకుంటే బెమిజీ, వాకర్, బ్రెయినర్డ్ చుట్టూ వందల సరస్సులు ఉన్నాయి. ఒక చిన్న రిసార్టులో వారం కేబిన్ తీసుకుంటే పడవ సాధారణంగా దానితోనే వస్తుంది. కుటుంబాలు నడిపే ఈ పాత రిసార్టులు ఏటా తగ్గుతున్నాయి. ఒడ్డు స్థలం ధర పెరిగాక వ్యాపారం నడపడం కంటే ముక్కలు చేసి అమ్ముకోవడమే లాభంగా తేలుతోంది. యజమానిని ఒక పూట మాటల్లో పెట్టండి. ఏ రాతి గుట్ట దగ్గర ఏ వారంలో ఏమి పడుతుందో ఏ మొబైల్ యాప్ కంటే బాగా చెబుతారు.

వేసవిలో ఒకరికి ఒకే గాలం, మంచుపై రెండు. చలికాలంలో వెళ్లే ఆలోచన ఉంటే ఒక్క మాట: తేట మంచు కనీసం నాలుగు అంగుళాలు లేనిదే కాలు పెట్టకండి, తెల్లటి మంచు అయితే దానికి రెట్టింపు కావాలి. ఎగువ రెడ్ లేక్‌లో 2022 నవంబరులోను, 2023 డిసెంబరులోను గాలికి మంచు పలక విడిపోయి, ప్రతిసారీ వందమందికి పైగా చిక్కుకుపోయారు. సహాయక బృందాలు వారిని ఒడ్డుకు చేర్చాయి. రిసార్టువారు పైమంచు తొలగించి, కాపలా కాసే మంచు దారికి రుసుము చెల్లించి వెళ్లడమే కొత్తవారికి క్షేమం.

జూన్‌లో నీటిపై గడ్డిపోచల్లాంటి ఆకులు చాప పరిచినట్లు తేలుతూ కనబడితే అందులోంచి మోటారు పడవ నడపకండి. అది వైల్డ్ రైస్. ఆ దశలో వేరు చాలా బలహీనం, అల తగిలితే ఊడి వస్తుంది. ఆగస్టు చివర, సెప్టెంబరులో ఓజిబ్వే కుటుంబాలు చిన్న పడవల్లో ఇద్దరేసి వెళ్లి, ఒకరు పడవ తోస్తుంటే మరొకరు కర్రలతో కంకులు వంచి తట్టి గింజలు రాలుస్తారు. ఒడ్డు ఊళ్లకు వాలై ఎంతో ఇదీ అంతే ముఖ్యం.

పడవ తీసేటప్పుడు కింది బిరడా ఊడదీసి నీరంతా కారనివ్వండి. సరస్సు నీటిని ఎర డబ్బాలో కూడా తీసుకుపోకూడదు. ఇది చట్టం. జీబ్రా మసెల్ పిల్లలు కంటికి కనబడవు, ఒక డబ్బా నీటిలో వేల కొద్దీ ప్రయాణిస్తాయి.

ఇక తినడం. ఈ ఉత్తర సరస్సుల నీటిలో పాదరసం ఉంది. ఎక్కువ భాగం బొగ్గు మండించడం వంటి వాటి వల్ల గాలిలో వచ్చి పడినది. వేటాడి తినే చేపల్లో, వయసు పెరిగేకొద్దీ అది పోగవుతుంది. అందువల్ల చిన్న చేప తినడం సరస్సుకూ మంచిది, మీకూ మంచిది. గర్భిణులు, చిన్న పిల్లలు ఉంటే రాష్ట్ర ఆరోగ్యశాఖ ఇచ్చే సూచనల్లో ఆ సరస్సుకు వారానికో నెలకో ఎన్నిసార్లు అన్నది చూసుకోండి. హోటల్లో తినే వాలై చాలావరకు కెనడా నుంచి గాని, రెడ్ లేక్ బ్యాండ్ వారి నుంచి గాని వస్తుంది. మీరు గాలంతో పట్టినది అమ్మడం నేరం.

నా అభిప్రాయంలో మనవాళ్లకు వాలై కంటే నార్తర్న్ పైక్ సరిపోతుంది. ఆకారంలో పొడవు, పళ్లు పదును, కండలో Y ఆకారపు ముళ్లు. ఆ ముళ్ల వల్లనే ఇక్కడివారు చిన్న పైక్‌ను విసుక్కుని వదిలేస్తారు. శీలావతి ముళ్లు ఏరుకుంటూ పెరిగిన మనకు అది ఒక లెక్కా? బ్రెయినర్డ్, బెమిజీ ఉన్న ఉత్తర మధ్య మండలంలో చిన్న పైక్‌లు ఎక్కువైపోయాయని, వాటిని తీయమని 2018లో నిబంధన మార్చారు: మనిషికి పది వరకు ఉంచుకోవచ్చు, 22 నుంచి 26 అంగుళాలవి తప్పనిసరిగా వదలాలి, 26 దాటినవి రెండుకు మించకూడదు. ప్రత్యేక జాబితాలోని సరస్సులకు ఇది వర్తించదు. 22లోపు పైక్‌ను అడ్డంగా ముక్కలు కోసి చింతపండు పులుసు పెట్టండి. వాలై పులుసులో విడిపోతుంది, దానిని వేపుడుకు ఉంచండి.

అయితే ఆ ముక్కలు కోయడం ఇంటికి వచ్చాకే చేయండి. దారిలో తనిఖీ చేసే అధికారి చేప ఏ రకమో గుర్తించగలగాలి, అందుకని కోసిన ప్రతి ముక్కపైనా పొలుసుతో సహా కనీసం చదరపు అంగుళం చర్మం ఉండాలి. కొలత పరిమితి ఉన్న చేప అయితే తల, తోకతో పూర్తిగా ఉంచి, మంచు పెట్టెలో పెట్టి తీసుకురండి.